నివాళి రాయడం – 5వ పాఠం: ఒకే ఏడాదిలో పోయినవాళ్లు

పోయిన పాఠంలో ఒక్క మనిషికి నివాళి రాశాం. ఈసారి పని కాస్త చిక్కు. ఒకే ఏడాదిలో కన్నుమూసిన నలుగురైదుగురి మీద ఒకటే వ్యాసం రాయాలి. రంగాలు వేరు, ఊళ్లు వేరు, భాషలు వేరు. డిసెంబరు చివర్లో పత్రికలు వేసే పేజీలు చూసే ఉంటారు: ఫొటో, పేరు, తేదీ, కింద ‘తీరని లోటు’. ఫొటోలు అటూ ఇటూ మార్చినా ఎవరూ పట్టుకోలేరు.

మనం 1974 తీసుకుందాం. ముందు నోటుబుక్కులో తేదీల వరసన రాసుకోండి. ఫిబ్రవరి 4, కలకత్తా: భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, 80 ఏళ్లు. ఫిబ్రవరి 11, మద్రాసు: ఘంటసాల, 51. జూలై 18, మళ్లీ మద్రాసే: ఎస్వీ రంగారావు, 56. అక్టోబరు 6, ఢిల్లీ: దౌత్యవేత్త, మాజీ రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్, 78. అక్టోబరు 30, అహ్మదాబాదు: గజల్ గాయని బేగం అఖ్తర్, 60.

వయసు మర్చిపోవద్దు, రాసే తీరు దాన్ని బట్టే మారుతుంది. బోస్ 1924లో ఢాకా నుంచి పంపిన వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు బోస్ పోయారు. ఇక్కడ ‘నిండు జీవితం’ అంటే చెల్లుతుంది. 51 ఏళ్ల ఘంటసాల దగ్గర ఆ మాట రాస్తే పాఠకుడికి ఒళ్లు మండుతుంది.

ఇక అసలు సంగతి. వాళ్లు చనిపోయిన ఏడాదిని పట్టుకుని అయిదుగురినీ కలపలేం, అది కాకతాళీయం. వాళ్లు బతికుండగా పనిలో నిండా మునిగి ఉన్న ఏడాది ఒకటి వెతకాలి. ఒక్కొక్కరి పేరు కింద ముఖ్యమైన పనులూ సంవత్సరాలూ రాసుకుంటూ పోతే 1957 దగ్గర పెన్ను ఆగుతుంది. అప్పుడు మొదటి పేరా ఇలా వస్తుంది:

‘1957 జనవరిలో కృష్ణమీనన్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో కశ్మీర్ మీద దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడారు. ప్రసంగం మర్నాటికి సాగింది. ఆ మార్చిలో మాయాబజార్ విడుదలైంది. తెర మీద ఘటోత్కచుడు రంగారావు, సంగీతం ఘంటసాల. శాంతినికేతన్‌లో బోస్ విశ్వభారతి ఉపకులపతిగా ఉన్నారు.’

ఇందులో చావు ప్రస్తావనే లేదు చూశారా? అది రెండో పేరాలో వస్తుంది, అప్పుడే బరువుగా తగులుతుంది.

ఒక హెచ్చరిక. ఇద్దరూ ఒకే సినిమాలో దొరికారు కదా అని, రంగారావు నోట వినిపించే ‘వివాహ భోజనంబు’ ఘంటసాల పాడారని రాసేయకండి. ఆ గొంతు మాధవపెద్ది సత్యంది. సినిమాలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి కూడా. మన పాఠకులు భద్రతామండలి తేదీ తప్పు పోయినా ఊరుకుంటారు గానీ, మాయాబజార్ విషయంలో ఊరుకోరు.

బేగం అఖ్తర్ ఈ 1957లో ఇమడలేదు. బలవంతంగా ఇరికించకండి. అహ్మదాబాదులో కచేరీ చేసిన కొద్ది రోజులకే ఆమె పోయారు. ఆ ఒక్క ముక్కతో ఆమెకు విడిగా ఒక పేరా ఇవ్వండి, చాలు. అందరికీ సమానంగా ఇన్నేసి వాక్యాలని కొలవక్కర్లేదు. కాకపోతే సినిమావాళ్లకు అరపేజీ పోసి శాస్త్రవేత్తను రెండు లైన్లలో దాటించే అలవాటు మనకుంది, దాన్ని మాత్రం గమనించుకోండి.

అభ్యాసం: 2022లో పోయిన లతా మంగేష్కర్, క్రికెటర్ షేన్ వార్న్, మహిళా కార్మికుల నాయకురాలు ఇలా భట్, నటుడు కృష్ణ, ఫుట్‌బాల్ ఆటగాడు పీలే. ముందు తేదీల పట్టిక రాయండి. తర్వాత కృష్ణ సినిమా అల్లూరి సీతారామరాజు విడుదలైన ఏడాది, ఇలా భట్ పెట్టిన మహిళల సేవా బ్యాంకు మొదలైన ఏడాది, పీలే శాంటోస్ క్లబ్బును వదిలిన ఏడాది, లత లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో పాడిన ఏడాది వెతికి పక్కపక్కన పెట్టండి. మొదటి పేరా అక్కణ్నుంచి మొదలుపెట్టండి. అయిదుగురిలో ఒకరికి విడి పేరా కావాల్సి వస్తుంది. ఆరో పాఠంలో ఆ పేరా ఎక్కడ పెట్టాలో చూద్దాం.