కంపైలర్ మారగానే జీడీబీ టెస్టులు ఫెయిల్ అవుతున్నాయా? తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

కొత్త జీసీసీ (సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్) వేశారు. జీడీబీ డీబగ్గర్ సోర్సులో ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా దాని టెస్టులన్నీ నడిపే 'మేక్ చెక్' కొడితే నిన్నటిదాకా పాస్ అయిన టెస్టులు ఇవాళ ఫెయిల్ అంటున్నాయి. వెంటనే డీబగ్గర్ సోర్సు తెరిచి వెతకాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఈ పనిలో నేను పోగొట్టుకున్న రోజుల్లో ఎక్కువ భాగం తప్పు లేని చోట వెతకడంలోనే పోయాయి.

జీడీబీ టెస్టుసూట్ డెజాగ్నూ అనే టెస్టు ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. ఒక్కో టెస్టుకు చిన్న సీ లేదా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం ఒకటి, దాన్ని జీడీబీతో నడిపించి జవాబులు సరిచూసే టికెల్ (టీసీఎల్) భాషలో స్క్రిప్టు ఒకటి ఉంటాయి. ఆ ప్రోగ్రాంను ప్రతిసారీ మీ కంపైలరే కంపైల్ చేస్తుంది. అంటే కంపైలర్ మారితే డీబగ్గర్ తినే తిండే మారిపోతుంది. తప్పు కంపైలర్‌ది కావచ్చు, డీబగ్గర్‌ది కావచ్చు, టెస్టుది కావచ్చు, టెస్టు నడిచిన మెషీన్‌ది కావచ్చు.

అందుకని ముందుగా నాలుగు రన్‌లు తీసి పెట్టుకోండి: పాత జీడీబీ - పాత కంపైలర్, పాత జీడీబీ - కొత్త కంపైలర్, కొత్త జీడీబీ - పాత కంపైలర్, కొత్త జీడీబీ - కొత్త కంపైలర్. పాత జీడీబీ అంటే ఏదో ఒక పాత వెర్షన్, కొత్తది అంటే ఇప్పుడు మీరు పరీక్షిస్తున్నది. నాలుగూ ఒకే మెషీన్ మీద జరగాలి. ప్రతి రన్ తర్వాత వచ్చే జీడీబీ డాట్ సమ్ (ఫలితాల జాబితా), జీడీబీ డాట్ లాగ్ (పూర్తి వివరాలు) ఫైళ్ళను కంపైలర్ వెర్షన్ పేరుతో దాచండి. పాత కంపైలర్‌తో పాస్ అయి, కొత్తదానితో రెండు జీడీబీల్లోనూ ఫెయిల్ అయితే, ఈమధ్య డీబగ్గర్‌లో చేసిన మార్పుల మీద అనుమానం అక్కర్లేదు. కొత్త జీడీబీతో మాత్రమే, రెండు కంపైలర్లతోనూ ఫెయిల్ అయితే అది అసలైన రిగ్రెషన్, అంటే డీబగ్గర్‌లో ఇంతకుముందు పనిచేసినది ఇప్పుడు చెడిందన్నమాట. ఇక్కడ అరగంట ఓపిక పడితే తర్వాత రెండు రోజులు మిగులుతాయి.

సమస్య: కంపైలర్ మార్చినా ఫలితాలు అక్షరం కూడా మారలేదు

చూడ్డానికి శుభవార్తలా ఉంటుంది, కానీ చాలాసార్లు కాదు. సీసీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి, పని అయిపోయిందనుకుంటాం. అది జీడీబీని బిల్డ్ చేసే కంపైలర్. టెస్టు ప్రోగ్రాంలను కంపైల్ చేసేది వేరు. దాన్ని మార్చాలంటే 'మేక్ చెక్'కు ఇచ్చే రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్ లోపల సీసీ_ఫర్_టార్గెట్, సీఎక్స్ఎక్స్_ఫర్_టార్గెట్ రెండూ ఇవ్వాలి. రెండోది మర్చిపోతే సీ టెస్టులు కొత్త జీసీసీతో, సీ ప్లస్ ప్లస్ టెస్టులు సిస్టంలోని పాత జీ ప్లస్ ప్లస్‌తో (జీసీసీలోని సీ ప్లస్ ప్లస్ కంపైలర్) నడుస్తాయి, ఎక్కడా ఎర్రర్ రాదు.

నమ్మకం కోసం అవుట్‌పుట్స్ ఫోల్డర్‌లో ఏదో ఒక ఎగ్జిక్యూటబుల్ తీసుకుని, రీడెల్ఫ్ అనే టూల్‌తో డీబగ్ ఇన్ఫో (మెషీన్ కోడ్‌కూ సోర్సుకూ ఉన్న సంబంధాన్ని డీబగ్గర్ కోసం కంపైలర్ రాసే సమాచారం) చూడండి. ప్రొడ్యూసర్ అనే ఆట్రిబ్యూట్‌లో కంపైలర్ పేరు, వెర్షన్ ఉంటాయి. జీసీసీ అయితే దాంతోపాటు డీబగ్ ఇన్ఫో మీద ప్రభావం చూపే ఫ్లాగ్‌లను కూడా రాస్తుంది. సీ టెస్టుది ఒకటి, సీ ప్లస్ ప్లస్ టెస్టుది ఒకటి చూస్తే చాలు.

సమస్య: కొత్త ఫెయిల్స్ ఏమీ లేవు, కానీ పాస్‌ల సంఖ్య తగ్గింది

నా మటుకు నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. ఫెయిల్ అయితే కనీసం కంట పడుతుంది. ఇది కంట పడదు.

కారణం ఇది. టెస్టు ప్రోగ్రాం కంపైల్ కాకపోతే ఆ స్క్రిప్టు 'అన్‌టెస్టెడ్' అని ఒక్క లైన్ రాసి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా ఆ ఫైల్‌లో వచ్చిన పదుల కొద్దీ పాస్‌లు మాయమై, వాటి చోట ఆ ఒక్క లైన్ మిగులుతుంది. ఫెయిల్స్ మాత్రమే వెతికే సీఐ (టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థ) స్క్రిప్టుకు అంతా పచ్చగానే కనిపిస్తుంది.

జీసీసీ వెర్షన్లు మారే కొద్దీ సీ భాష నియమాలు బిగుసుకుంటూ వచ్చాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి 'నో కామన్' డిఫాల్ట్ అయింది. ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను రెండు సోర్సు ఫైళ్ళలో ఎక్స్‌టర్న్ లేకుండా రాసిన పాత టెస్టులు లింకింగ్‌లో 'మల్టిపుల్ డెఫినిషన్' అని ఆగిపోతాయి. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం, టైపు రాయకుండా ఇంట్ అనుకోమని వదిలేయడం వార్నింగ్ స్థాయి దాటి ఎర్రర్లయ్యాయి. 2025లో వచ్చిన జీసీసీ 15లో సీ23 డిఫాల్ట్. ఖాళీ బ్రాకెట్లతో డిక్లేర్ చేసిన ఫంక్షన్‌కు ఇప్పుడు 'ఆర్గ్యుమెంట్లు లేవు' అనే అర్థం. బ్రాకెట్లలో పేర్లు మాత్రమే పెట్టి, టైపులను కింది లైన్లో రాసే కె అండ్ ఆర్ పద్ధతి సీ23 ప్రమాణంలో లేదు. జీడీబీ 1986 నుంచి ఉన్న ప్రోగ్రాం. దాని టెస్టుల్లో చాలా పాత సీ ఉంది, కాబట్టి మీ దగ్గరున్న జీడీబీ బ్రాంచి పాతదైతే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

పరిష్కారంలో మొదటి పని: రెండు సమ్ ఫైళ్ళను పోల్చేటప్పుడు ఫెయిల్స్‌తో పాటు, పాస్ నుంచి కనపడకుండా పోయిన ప్రతి టెస్టు పేరునూ బయటకు తీయండి. అన్‌టెస్టెడ్, అన్‌సపోర్టెడ్, అన్‌రిజాల్వ్‌డ్ లెక్క పెరిగితే రన్‌ను ఎర్రగా చూపించండి. తర్వాత లాగ్‌లో ఆ టెస్టు దగ్గర కంపైలర్ ఇచ్చిన ఎర్రర్ చదవండి.

సోర్సును కొత్త పద్ధతికి మార్చే ముందు మాత్రం ఆ టెస్టు ఎందుకుందో ఒకసారి చదవండి. కాల్‌ఫంక్స్ టెస్టునే తీసుకోండి. ప్రోటోటైప్ ఉన్న ఫంక్షన్లను, లేనివాటిని జీడీబీ ప్రాంప్ట్ నుంచి పిలిస్తే ఆర్గ్యుమెంట్లు సరిగ్గా వెళ్తున్నాయా అని చూడడమే దాని పని. అక్కడ పాత రూపాన్ని 'శుభ్రం' చేస్తే టెస్టు పాస్ అవుతుంది కానీ పరీక్షించాల్సిన విషయం పోతుంది. అలాంటి చోట సోర్సును ముట్టుకోకుండా, ఆ ఒక్క టెస్టుకు పాత సీ స్టాండర్డ్ ఫ్లాగ్ ఇవ్వండి. మిగతా చోట్ల సోర్సు మార్చడమే మంచిది. ఒక లైన్ ఎక్కువైనా తక్కువైనా, స్క్రిప్టులో లైన్ నంబర్లు నేరుగా రాసి ఉంటే అవి తప్పుతాయి. సోర్సు లైన్ పక్కన ఒక గుర్తు కామెంట్ పెట్టి, జీడీబీ_గెట్_లైన్_నంబర్‌తో ఆ లైన్‌ను వెతికించుకుంటే మళ్ళీ ఈ బాధ ఉండదు.

సమస్య: దాదాపు అన్ని టెస్టులూ ఒక్కసారిగా ఫెయిల్

లాగ్‌లో 'రాంగ్ వెర్షన్ ఇన్ కంపైలేషన్ యూనిట్ హెడర్' అని, 5 వచ్చింది, 2, 3 లేదా 4 ఉండాలి అని కనిపిస్తే ఎక్కువ వెతకక్కర్లేదు. జీసీసీ 11, క్లాంగ్ (ఇంకో కంపైలర్) 14 నుంచి డిఫాల్ట్ డీబగ్ ఫార్మాట్ డ్వార్ఫ్ 5. మీ పాత జీడీబీకి అది చదవడం రాదు. టెస్టులు ఎక్కడ, ఏ ఫ్లాగ్‌లతో నడవాలో చెప్పే టార్గెట్ బోర్డు పేరు 'యూనిక్స్' పక్కన స్లాష్ పెట్టి డ్వార్ఫ్ 4 ఫ్లాగ్ ఇచ్చి మళ్ళీ నడపండి. ఫెయిల్స్ పోతే కారణం తేలిపోయింది. డ్వార్ఫ్ 5 కావాలంటే జీడీబీ 10 లేదా ఆ తర్వాతిది తీసుకోండి.

ఈ ఫ్లాగ్ మార్పిడిని మిగతా ఫెయిల్స్ విషయంలో కూడా వాడండి. కొత్త కంపైలర్‌తో డ్వార్ఫ్ 4లో పాస్, డ్వార్ఫ్ 5లో ఫెయిల్ అయితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గినట్టే.

సమస్య: బ్రేక్‌పాయింట్ తప్పు లైన్లో ఆగుతోంది, లేదా ఆర్గ్యుమెంట్లలో చెత్త విలువలు వస్తున్నాయి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే కంపైలర్ మార్పుల వల్ల వచ్చే సున్నితమైన ఫెయిల్స్‌లో నేను ఎక్కువగా చూసినవి ఇవే.

ఫంక్షన్ పేరు మీద బ్రేక్‌పాయింట్ పెడితే జీడీబీ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగదు. స్టాక్ ఫ్రేమ్ సర్దుకునే ప్రోలాగ్‌ను దాటి ఆగాలని చూస్తుంది. ప్రోలాగ్ ఎక్కడ అయిపోయిందో కనిపెట్టడానికి ఒక ముఖ్యమైన ఆధారం లైన్ టేబుల్ (ఏ ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ ఏ సోర్సు లైన్‌దో చెప్పే పట్టిక): ఆ ఫంక్షన్‌కు రెండో ఎంట్రీ ఎక్కడ మొదలైతే అక్కడికి ప్రోలాగ్ ముగిసిందనుకుంటుంది. ఇది ఊహే. కంపైలర్ తన ఎంట్రీలను కాస్త అటూ ఇటూ జరిపితే ఊహ తప్పుతుంది.

ఉదాహరణకు మెయిన్‌లో ఒక లోకల్ అర్రే ఉందనుకోండి. స్టాక్ ప్రొటెక్టర్ (స్టాక్ చెడిపోతే పట్టుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే, అందుకోసం వాడే కెనరీ విలువను లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షన్లకు కంపైలర్ మళ్ళీ ఓపెనింగ్ బ్రేస్ లైన్ నంబరే ఇస్తుంది. దాంతో మొదటి ఎంట్రీ, రెండో ఎంట్రీ రెండూ బ్రేస్ లైన్‌వే. టెస్టేమో మొదటి స్టేట్‌మెంట్ దగ్గర ఆగుతుందని ఆశిస్తుంది, జీడీబీ బ్రేస్ దగ్గర ఆగుతుంది. స్టాక్ ప్రొటెక్టర్‌ను ఆపే ఫ్లాగ్ ఇచ్చి చూడండి. మళ్ళీ సరైన లైన్లో ఆగితే ఇదే కారణం.

ఇందులో చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. ఉబుంటు ఇచ్చే జీసీసీ, మీరు సోర్సు నుంచి బిల్డ్ చేసుకున్న జీసీసీ ఒకే వెర్షన్ నంబరువైనా ఒకేలా ప్రవర్తించవు. ఉబుంటు ప్యాకేజీలో స్టాక్ ప్రొటెక్టర్, పీఐఈ (ప్రోగ్రాంను మెమరీలో ఎక్కడైనా లోడ్ చేసేలా తయారుచేయడం), సీఎఫ్ ప్రొటెక్షన్ (జంప్‌లు సరైన చోటికే వెళ్తున్నాయా అని చూసే రక్షణ) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటాయి. మీరు బిల్డ్ చేసినదాంట్లో మామూలుగా ఉండవు. 'జీసీసీ 11తో ఓకే, 13తో ఫెయిల్' అని రిపోర్టు రాసే ముందు ఆ రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయా లేదా చూడండి. 'జీసీసీ మైనస్ వీ' కొడితే ఏ ఆప్షన్లతో కాన్ఫిగర్ చేశారో కనిపిస్తుంది.

ఆర్గ్యుమెంట్ల సంగతికి వద్దాం. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగగానే విలువ ప్రింట్ చేస్తే అర్థంలేని అంకె వస్తుంది. 'స్టెప్ఐ' అని ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ముందుకు వెళ్తూ మళ్ళీ మళ్ళీ ప్రింట్ చేయండి. రెండు మూడు అడుగుల తర్వాత అదే వేరియబుల్ సరైన విలువ చూపిస్తే, మీరు ప్రోలాగ్ మధ్యలో ఆగారన్నమాట. ఫ్రేమ్ పాయింటర్ ఇంకా సిద్ధం కాకముందే జీడీబీ దాన్ని నమ్ముకుని చదివింది. సీఎఫ్ ప్రొటెక్షన్ వల్ల ఫంక్షన్ మొదట్లో వచ్చే ఎండ్‌బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఇలాగే జరిగింది. పాత జీడీబీ దాన్ని ప్రోలాగ్‌లో భాగంగా గుర్తించేది కాదు. 2020లో జీడీబీలోనే దీన్ని సరిచేశారు. ఇక్కడ కంపైలర్ తప్పేమీ లేదు, నేర్చుకోవాల్సింది డీబగ్గరే.

ఆప్టిమైజేషన్ ఉన్న టెస్టుల్లో 'ఈజ్ స్టేట్‌మెంట్' గుర్తు కూడా చూడాలి. లైన్ టేబుల్లో ఏ అడ్రస్ దగ్గర ఆగడం బాగుంటుందో కంపైలర్ చెప్పే గుర్తు అది. జీసీసీ 8 నుంచి ఆప్టిమైజ్ చేసిన కోడ్‌లో దీన్ని విరివిగా వాడుతోంది. జీడీబీ 10 నుంచి పట్టించుకుంటోంది. అంతకు ముందు జీడీబీలతో పోలిస్తే 'స్టెప్' కొట్టినప్పుడు ఆగే లైన్లు మారడం సహజం.

ఏది తప్పో తేల్చడానికి రెండు కంపైలర్ల ఎగ్జిక్యూటబుల్స్ నుంచి రీడెల్ఫ్‌తో డీకోడ్ చేసిన లైన్ టేబుల్ తీసి, పక్కపక్కన పెట్టుకుని ఆ ఒక్క ఫంక్షన్ వరకు చదవండి. జీడీబీ ఎలా అర్థం చేసుకుందో 'మెయింట్ ఇన్ఫో లైన్-టేబుల్' చూపిస్తుంది. రీడెల్ఫ్ చెప్పినదానికి, జీడీబీ చెప్పినదానికి తేడా ఉంటే ముందు డీబగ్గర్‌ను అనుమానించండి. రెండూ ఒకటే అయి, కంపైలర్ల మధ్యే తేడా ఉంటే, అది తప్పా లేక రెండూ సరైన పద్ధతులేనా అన్నది మీరు నిర్ణయించాలి. రెండూ సరైనవైతే టెస్టు అనవసరంగా పట్టుబడుతోందని అర్థం.

సమస్య: క్లాంగ్‌తో మాత్రమే 'ఇన్‌కంప్లీట్ టైప్'

లైనక్స్ మీద క్లాంగ్ కొన్ని క్లాసుల పూర్తి వివరాలను ప్రతి ఫైల్‌లోనూ రాయదు, వేరే ఫైల్‌లో ఉంటాయనుకుని వదిలేస్తుంది. ఆ వేరే ఫైల్ డీబగ్ ఇన్ఫో లేకుండా కంపైల్ అయితే వివరాలు ఎక్కడా ఉండవు. 'స్టాండలోన్ డీబగ్' ఫ్లాగ్‌తో మళ్ళీ కంపైల్ చేయండి. సరిపోతే జీడీబీ తప్పు లేదు.

సమస్య: సీ ప్లస్ ప్లస్ టెస్టులు మెయిన్ దాకా కూడా వెళ్ళడం లేదు

లాగ్‌లో జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ వెర్షన్ దొరకలేదని ఉంటుంది. కొత్త జీ ప్లస్ ప్లస్‌తో కంపైలైన ప్రోగ్రాం, నడిచేటప్పుడు సిస్టంలోని పాత లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్‌ను (సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీ) పట్టుకుంది. లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్ మార్చడం అందరికీ తట్టే ఉపాయం, కానీ జీడీబీ కూడా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామే. ఆ వేరియబుల్ మారిస్తే డీబగ్గర్ వాడే లైబ్రరీ కూడా మారుతుంది, పోలిక చెడుతుంది. దాని బదులు లింకింగ్‌లో ఆర్‌పాత్ (ఆ ఒక్క ప్రోగ్రాంలోనే రాసి పెట్టే లైబ్రరీ దారి) ఇవ్వండి.

వెక్టర్, స్ట్రింగ్ లోపలి మెంబర్లన్నీ పొడుగ్గా ప్రింట్ అవుతుంటే, వాటిని చదవడానికి వీలుగా చూపించే, కొత్త లైబ్రరీ పక్కనున్న ప్రెటీ ప్రింటర్ స్క్రిప్టును 'ఆటో-లోడ్ సేఫ్-పాత్' (జీడీబీ నమ్మే ఫోల్డర్ల జాబితా) అడ్డుకుందేమో చూడండి. ఆ ఫోల్డర్‌ను సేఫ్-పాత్‌లో చేర్చితే చాలు.

సమస్య: ఒకసారి పాస్, ఇంకోసారి ఫెయిల్

ఇది కంపైలర్ వల్ల అని తీర్మానించే ముందు, అదే కంపైలర్‌తో రేసీ_ఐటర్ (టెస్టులను ఎన్నిసార్లు నడపాలో చెప్పే వేరియబుల్) ఇచ్చి అయిదుసార్లు నడపండి. ఫలితం ఊగుతుంటే 'మేక్ చెక్-రీడ్1' పెట్టండి. అది జీడీబీ అవుట్‌పుట్‌ను ఒక్కో అక్షరంగా చదివిస్తుంది కాబట్టి స్క్రిప్టులోని బలహీనమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు బయటపడతాయి.

ఒక్కో కంపైలర్‌కు ఒక్కో డాకర్ ఇమేజ్ వాడేవాళ్ళు 'అడ్రస్ స్పేస్ రాండమైజేషన్' ఆపలేకపోయానని జీడీబీ ఇచ్చే వార్నింగ్ కోసం చూడండి. కంటైనర్‌కు ఎస్‌వైఎస్_పీట్రేస్ అనుమతి ఇచ్చి, సిస్టం కాల్స్‌ను అడ్డుకునే సెక్‌కాంప్ ప్రొఫైల్‌ను అన్‌కన్‌ఫైన్డ్ చేయాలి. ఇమేజ్ మారితే గ్లిబ్‌సీ (సిస్టంలోని సీ లైబ్రరీ) కూడా మారవచ్చని మర్చిపోకండి. వీలైతే ఒకే ఇమేజ్‌లో అన్ని కంపైలర్లూ వేసుకోండి.

కారణం తెలిశాక టెస్టును ఏం చేయాలి

కంపైలర్ తప్పయితే ఎక్స్‌ఫెయిల్ (ఫెయిల్ అవుతుందని ముందే తెలిసినది), జీడీబీలో ఇంకా సరిచేయని బగ్ అయితే బగ్ నంబరుతో కేఫెయిల్ (తెలిసిన బగ్ వల్ల ఫెయిల్) అని గుర్తు పెట్టండి. ఈ రెంటినీ కలిపేయకండి. ఎక్స్‌ఫెయిల్ అని రాస్తే 'మా తప్పు కాదు' అని చెప్పినట్టు, తర్వాత ఎవరూ ఆ వైపు చూడరు.

ఎక్స్‌ఫెయిల్ పెట్టేటప్పుడు ఏ కంపైలర్, ఏ వెర్షన్ అని చూసే టెస్ట్_కంపైలర్_ఇన్ఫోతో వెర్షన్ల పరిధి రాయండి. 'జీసీసీ అయితే' అని ఊరికే వదిలేస్తే, కంపైలర్‌లో బగ్ పోయాక అదే చోట డీబగ్గర్ నిజంగా చెడినా ఎక్స్‌ఫెయిల్ దాన్ని మింగేస్తుంది. ఏ వెర్షన్‌లో సరైందో ఇంకా తెలియకపోతే, మీరు చూసిన వెర్షన్ల వరకే రాయండి. తర్వాతి కంపైలర్ వచ్చినప్పుడు ఫెయిల్ అయితే అప్పుడు మళ్ళీ చూసుకోవచ్చు.

కంపైలర్ ఇచ్చిన ఆ ప్రత్యేకమైన డీబగ్ ఇన్ఫో వల్ల జీడీబీలో నిజమైన బగ్ దొరికితే, దాన్ని ఆ కంపైలర్ మీద ఆధారపడే టెస్టుగా వదలకండి. వచ్చే ఏడాది కంపైలర్ వేరేలా రాస్తుంది, మీ టెస్టు ఏమీ పరీక్షించకుండానే పాస్ అవుతుంటుంది. టెస్టుసూట్‌లోనే ఉన్న డ్వార్ఫ్ అసెంబ్లర్‌తో ఆ డీబగ్ ఇన్ఫో ఎంట్రీలను చేత్తో రాసి డ్వార్ఫ్2 ఫోల్డర్‌లో కొత్త టెస్టుగా పెట్టండి. సరిచేయని జీడీబీతో ఒకసారి నడిపి, అది ఫెయిల్ అవుతోందని కళ్ళారా చూశాకే ప్యాచ్ పంపండి.