ఉద్యోగి వివరం మారితే గ్రూపు దానంతట అదే మారాలి: మడికొండ నుంచి ఒక అడ్మిన్ పద్ధతి

మా ఆఫీసు మడికొండలో. రోజూ కాజీపేట నుంచి స్కూటీ మీద వస్తాను. నూట నలభై మంది పనిచేసే కంపెనీలో క్లౌడ్ అకౌంట్లు, పర్మిషన్లు చూసేది నేను, నాతోపాటు ఇంకో తమ్ముడు. రెండేళ్ల కిందటి దాకా ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో తెలియాలంటే ఒక ఎక్సెల్ షీటే దిక్కు. కొత్తవాళ్లు చేరితే హెచ్‌ఆర్ మెయిల్ పెట్టేవారు, మేం ఒక్కో గ్రూపు తెరిచి పేరు చేర్చేవాళ్లం. మానేసినవాళ్ల గురించి మాత్రం ఒక్కోసారి మెయిల్ వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు.

ఒక సోమవారం ఆడిట్ కోసం ఫైనాన్స్ గ్రూపు సభ్యుల జాబితా తీశాను. నాలుగు నెలల కిందట మానేసిన ఒకాయన పేరు అందులో ఉంది, అకౌంట్ కూడా పనిచేస్తూనే ఉంది. ఎవరు ఏం తెరిచారో నమోదయ్యే లాగ్స్ అన్నీ వెతికాను. ఆయన ఏదీ తెరవలేదు. కానీ తెరవాలనుకుంటే జీతాల ఫోల్డర్ మొత్తం తెరుచుకునేది. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఇంట్లో పోర్షన్ ఖాళీ చేసి వెళ్లేవాళ్ల దగ్గర తాళంచెవి అడిగి తీసుకుంటాం కదా, ఇక్కడ అడగడమే మర్చిపోయాం. ఆ వారమే మొదలుపెట్టిన పని ఇది. మా దగ్గర ఉన్నది మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ, అంటే ఉద్యోగుల అకౌంట్లు, గ్రూపులు, లాగిన్లు చూసే మైక్రోసాఫ్ట్ సేవ. 2023 దాకా దీన్ని అజూర్ ఏడీ అనేవాళ్లు. సభ్యులు వాళ్లంతట వాళ్లే మారే డైనమిక్ గ్రూపులు వాడాలంటే ఎంట్రా పీ1 అనే లైసెన్సు ఉండాలి, ముందు అది చూసుకోండి.

రూలు కన్నా ముందు డేటా

డైనమిక్ గ్రూపు అంటే మనం పేర్లు చేర్చని గ్రూపు. "డిపార్ట్‌మెంట్ ఫైనాన్స్ అయినవాళ్లందరూ ఇందులో ఉండాలి" అని ఒక రూలు రాస్తాం. యూజర్ వివరాలు చూసి ఎంట్రా తనే మనుషులను చేరుస్తుంది, తనే తీసేస్తుంది. వినడానికి చాలా సులువు. నేను కూడా మొదటిరోజే రూలు రాయబోయి, అందరి డిపార్ట్‌మెంట్ వివరాలు ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. ఫైనాన్స్ ఒక్కటే నాలుగు రకాలుగా ఉంది: ఫైనాన్స్, ఫిన్, అకౌంట్స్, చివర ఒక ఖాళీ స్పేస్ తగిలిన ఫైనాన్స్. పెద్ద అక్షరాలా చిన్న అక్షరాలా అన్నది రూలు పట్టించుకోదు, కానీ ఆ స్పేస్‌ను పట్టించుకుంటుంది. పదకొండు మందికి ఆ గడి ఖాళీగానే ఉంది.

అందుకే మొదటి మూడు వారాలు క్లౌడ్ జోలికే పోలేదు. హెచ్‌ఆర్ మేడం పక్కన కూర్చుని డిపార్ట్‌మెంట్ పేర్లు తొమ్మిది ఖరారు చేశాం. ఆమె షీటులో ఆ గడిని టైపు చేసే గడిగా కాకుండా, జాబితా నుంచి ఎంచుకునే గడిగా మార్చాం. ఉద్యోగి రకం, మేనేజర్, చివరి పనిదినం అనే గడులు చేర్చాం. ఈ పని విసుగ్గా ఉంటుంది, ఎవరూ మెచ్చుకోరు. కానీ మొత్తం పనిలో సగానికి పైగా ఇదే. ఇది వదిలేసి రూలు రాస్తే ఒకప్పుడు చేత్తో చేసిన తప్పులను ఇప్పుడు మెషీన్ వేగంగా చేసిపెడుతుంది.

ఇంకో మాట. రూలును ఎప్పుడూ ఉద్యోగి తనంతట తాను మార్చుకోగలిగే వివరం మీద కట్టకండి. ఈమెయిల్‌లో ఫలానా ముక్క ఉంటే చేర్చు అనే రూలు కూడా వద్దు. బయటి గెస్టు మెయిల్‌లోనూ ఆ ముక్క ఉండొచ్చు, అప్పుడు ఆ గెస్టు నేరుగా లోపలికి వచ్చేస్తాడు. మా ప్రతి రూలులో యూజర్ టైప్ మెంబర్ అయి ఉండాలి (గెస్టు కాకూడదు), అకౌంట్ ఎనేబుల్డ్ ట్రూ అయి ఉండాలి (అకౌంట్ ఆపేసి ఉండకూడదు) అనే రెండు షరతులు తప్పనిసరి.

గ్రూపు కట్టడం

పాత గ్రూపునే డైనమిక్‌గా మార్చొద్దు. మార్చిన క్షణం అందులో చేత్తో చేర్చినవాళ్లందరూ పోతారు, ఆ తర్వాత రూలుకు సరిపడినవాళ్లే తిరిగి వస్తారు. కొత్త సెక్యూరిటీ గ్రూపు పెట్టండి. మెంబర్‌షిప్ టైప్ దగ్గర డైనమిక్ యూజర్ ఎంచుకోండి. రూల్ బిల్డర్‌లో ప్రాపర్టీ, ఆపరేటర్, విలువ అని మూడు గడులు ఉంటాయి. అందులో ఐదు షరతుల దాకా పెట్టొచ్చు, మా అవసరానికి మూడు చాలు.

సేవ్ చేసే ముందు వ్యాలిడేట్ రూల్స్ అనే ట్యాబ్ తెరవండి. కొందరు యూజర్లను ఎంచుకుంటే, ఈ మనిషి గ్రూపులోకి వస్తాడా రాడా అని అది చూపిస్తుంది. నేను ప్రతిసారీ ఆరుగురిని పెడతాను: రావాల్సినవాళ్లు ముగ్గురు, రాకూడనివాళ్లు ముగ్గురు. రాకూడనివాళ్లలో ఒక గెస్టు, మానేసిన ఒక ఉద్యోగి తప్పకుండా ఉంటారు. రావాల్సినవాళ్లతోనే చూసి సరిపెట్టుకుంటే సగమే పరీక్షించినట్టు.

ఆ తర్వాత పర్మిషన్ ఇవ్వడం. అజూర్ అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్, రోల్ అంటే అందులో ఎవరు ఏం చేయొచ్చో చెప్పే పర్మిషన్ల కట్ట. అజూర్‌లో రోల్‌ను గ్రూపుకే ఇవ్వండి, మనిషికి ఇవ్వకండి. ఫైనాన్స్ స్టోరేజీ ఉన్న రిసోర్స్ గ్రూపు (ఇది మనుషుల గ్రూపు కాదు, అజూర్ వనరులను కలిపి ఉంచేది) మీద చూసేవాళ్లకు రీడర్, మార్చేవాళ్లకు కంట్రిబ్యూటర్. ఒక్క మనిషికి విడిగా రోల్ ఇచ్చినా, ఆరు నెలల తర్వాత అది ఎందుకు ఇచ్చామో ఎవరికీ గుర్తుండదు. ఒక చిన్న జాగ్రత్త: స్టోరేజీలో ఉన్న ఫైళ్లను తెరవడానికి మామూలు రీడర్ రోల్ చాలదు, బ్లాబ్ డేటా రీడర్ అని వేరే రోల్ ఉంది. నాకు ఇది తెలియడానికి ఒక పూట పట్టింది.

ప్రాజెక్టుల కోసం డిపార్ట్‌మెంట్ సరిపోదు. దానికి ఎక్స్‌టెన్షన్ ఆట్రిబ్యూట్లలో (యూజర్ వివరాల్లో మన అవసరానికి వదిలిన అదనపు గడులు) ఒకదాన్ని తీసుకున్నాం, అలాంటివి పదిహేను ఉంటాయి. ఒకే మనిషి రెండు ప్రాజెక్టుల్లో ఉంటాడు కాబట్టి కోడ్‌లన్నీ ఆ ఒక్క గడిలోనే వరుసగా రాసి, రూలులో కంటైన్స్ (ఆ ముక్క ఎక్కడైనా ఉందా అని చూసేది) అనే ఆపరేటర్ వాడాం. ఇక్కడొక గొయ్యి ఉంది. పీ1 అనే ప్రాజెక్టు కోడ్ ఉందా అని అడిగితే పీ12, పీ15 వాళ్లు కూడా వచ్చి చేరతారు. అందుకే పీ001, పీ012 అని అన్ని కోడ్‌లకూ మూడంకెలే పెట్టాం.

హెచ్‌ఆర్ షీటు నుంచి ఎంట్రాకు

పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌ను ఎంట్రాకు నేరుగా కలుపుతారు. మాకు ఉన్నది సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ జాబితా), ఒక పవర్‌షెల్ స్క్రిప్టు (పనిని తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం). రోజూ తెల్లవారుజామున అది ఫైలు చదివి, మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ (ప్రోగ్రాంలు ఎంట్రాతో మాట్లాడే దారి) ద్వారా యూజర్ వివరాలను సరిచేస్తుంది. గ్రూపులను అది ముట్టుకోదు, వాటి సంగతి రూలు చూసుకుంటుంది.

మొదలుపెట్టిన రెండో నెలలో ఒక ఉదయం తొమ్మిదీ నలభైకి ఫోన్. "అక్కా, ఫోల్డర్ తెరుచుకుంటలేదు." పెట్టేసేలోపే ఇంకోటి, దాని వెనకే మరోటి. ఇరవై ఏడు మంది గ్రూపుల్లోంచి పోయారు. షీటులో కొత్తగా ఒక కాలమ్ మధ్యలో చేరింది, స్క్రిప్టు మాత్రం డిపార్ట్‌మెంట్‌ను నాలుగో కాలమ్ అనుకుని చదువుతోంది. కాలమ్ నంబరుతో చదివేలా స్క్రిప్టు రాసింది నేనే. షీటు సరిచేసి మళ్లీ నడిపినా, గ్రూపులు తిరిగి నిండేదాకా ప్రతి ఐదు నిమిషాలకూ రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాం. సాధారణంగా కొన్ని గంటల్లోపే అయిపోతుంది కానీ, యూజర్లు, గ్రూపులు ఎక్కువుంటే మార్పు పడడానికి 24 గంటలకు పైగా కూడా పట్టొచ్చు. ఆ ఉదయం పడ్డ టెన్షన్ నేను మర్చిపోను.

అప్పటి నుంచి స్క్రిప్టులో నాలుగు కాపలాలు ఉన్నాయి. కాలమ్‌ను పేరుతోనే చదువుతుంది, పేరు కనపడకపోతే ఆగిపోతుంది. ఖాళీ విలువను ఎంట్రాలో ఎప్పుడూ రాయదు. తొమ్మిది పేర్లలో లేని డిపార్ట్‌మెంట్ వస్తే ఆ వరుసను వదిలేసి మాకు మెయిల్ పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది: ఒక్కరోజులో ఐదుగురికి మించి డిపార్ట్‌మెంట్ మారుతుంటే ఏమీ మార్చకుండా ఆగి, జాబితా పంపుతుంది. మేం చూసి ఒప్పుకుంటేనే ముందుకు వెళ్తుంది. మీ కంపెనీకి ఆ ఐదు చిన్నదైతే ఇరవై పెట్టుకోండి, కానీ ఏదో ఒక అంకె మాత్రం పెట్టండి.

టెస్టింగ్ నుంచి సపోర్టుకు మారిన మనిషికి ఇంకో రెండు వారాలు పాత ఫోల్డర్లు కావాలంటారు. దానికోసం రూలును వంచకండి. చేత్తో చేర్చే తాత్కాలిక గ్రూపు వేరుగా పెట్టి, చేర్చిన ప్రతి పేరుకు చివరి తేదీ రాసి, ఆ తేదీ దాటగానే తీసేసే చిన్న స్క్రిప్టు నడపండి.

ఏడబ్ల్యూఎస్ కూడా ఉంటే

మా క్లయింటు పని కొంత అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఉంది. అక్కడ మళ్లీ యూజర్లను తయారుచేయకుండా, ఎంట్రా గ్రూపులను స్కిమ్ పద్ధతిలో (యూజర్లను, గ్రూపులను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపే ప్రామాణిక పద్ధతి) ఏడబ్ల్యూఎస్ లాగిన్లు చూసే ఐఏఎం ఐడెంటిటీ సెంటర్‌కు పంపుతున్నాం. అక్కడ గ్రూపుకు పర్మిషన్ సెట్ తగిలిస్తే చాలు. సింక్ సుమారు 40 నిమిషాలకోసారి నడుస్తుంది. గ్రూపులో గ్రూపు పెడితే లోపలి గ్రూపు మనుషులు వెళ్లరు, నేరుగా ఉన్న సభ్యులే వెళ్తారు. ఈ సింక్‌కు తాళంచెవి లాంటి స్కిమ్ టోకెన్‌కు ఏడాదే గడువు. అది ముగిస్తే కొత్తవాళ్లు రారు, మానేసినవాళ్లు పోరు. పదకొండో నెలలోనే మార్చేలా ఇద్దరి క్యాలెండర్లలోనూ పెట్టుకున్నాం.

మానేసే రోజు

గ్రూపులోంచి తీస్తే తలుపు వెంటనే మూసుకుంటుందని అనుకోవద్దు. అప్పటికే లాగిన్ అయి ఉన్న మనిషి టోకెన్ (లాగిన్ అయినప్పుడు దొరికే తాత్కాలిక పాసు) గంట, గంటన్నర దాకా చెల్లుతుంది. అందుకే చివరి పనిదినం సాయంత్రం ఆరింటికి స్క్రిప్టు మూడు పనులు వరుసగా చేస్తుంది: సైన్ ఇన్ ఆపుతుంది, సెషన్లు రద్దు చేస్తుంది, డిపార్ట్‌మెంట్‌ను "మానేశారు" అని మారుస్తుంది. అకౌంట్ ఎనేబుల్డ్ షరతు ఉంది కాబట్టి డైనమిక్ గ్రూపులన్నిటి నుంచీ పేరు తప్పుకుంటుంది. మీరు ఒక్క పనే ఆటోమేట్ చేయగలిగితే దీన్నే చేయండి. కొత్తగా చేరినవాళ్లకు యాక్సెస్ రాకపోతే వాళ్లే ఫోన్ చేస్తారు. మానేసినవాళ్లకు యాక్సెస్ పోలేదని ఫోన్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

అడ్మిన్ గ్రూపులను మాత్రం మేం రూలుకు అప్పగించలేదు. ఎంట్రా రోల్స్ ఇచ్చే గ్రూపులు ఎలాగూ డైనమిక్‌గా కుదరవు. అజూర్‌లో ఓనర్ రోల్ (అన్ని అధికారాలూ ఉన్నది) ఉన్న గ్రూపును కూడా చేత్తోనే నడుపుతున్నాం. అత్యవసరానికి ఉంచిన రెండు అకౌంట్లకు ఏ స్క్రిప్టూ తగలదు. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఆ జాబితాలను ప్రింటు తీసి, మేనేజర్ సార్ ముందు పెట్టి, ఒక్కో పేరు చదివి సంతకం తీసుకుంటాం. ఇరవై నిమిషాల పని.

మొదలుపెట్టేవాళ్లు ఒక్క డిపార్ట్‌మెంట్‌తో మొదలుపెట్టండి. పాత గ్రూపు, కొత్త గ్రూపు రెండు వారాలు పక్కపక్కనే ఉంచి, రోజూ రెండిటి సభ్యులనూ పోల్చి చూడండి. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని ప్రతి పేరుకూ కారణం రాసుకోండి. మాకు ఫైనాన్స్‌లో అలాంటివి ఆరు వచ్చాయి. ఇద్దరి డిపార్ట్‌మెంట్ తప్పు పడింది, ముగ్గురు ఎప్పుడో వేరే టీముకు మారారు. ఆరో పేరు ఎవరిదో చెప్పాను కదా. అన్నీ తేలాకే పాత గ్రూపు రోల్ తీసేశాం.