ఎక్సెల్‌లో ఎఫ్2 నొక్కినా సెల్ ఎడిట్ కావట్లేదా? ముందు కింద ఎడమ మూల చూడండి

"యారో నొక్కితే కర్సర్ ఒక అక్షరం జరగాలి కదా, పక్క సెల్‌లోకి దూకేస్తోంది." ఇది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా దగ్గరకు వచ్చేసరికే కీబోర్డు పోయిందనో, ఎక్సెల్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలనో తీర్మానించేసుకుని ఉంటారు. విండో కింద ఎడమ మూలన ఒకే ఒక్క మాట ఉంటుంది: రెడీ, ఎంటర్, ఎడిట్, పాయింట్, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. జవాబు అక్కడే ఉంటుంది, చూసేవాళ్లే ఉండరు. ఆ మాట అసలు కనిపించకపోతే కింది స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ చేసి సెల్ మోడ్ దగ్గర టిక్ పెట్టండి.

ఎఫ్2 నొక్కితే వెలుతురో, సౌండో మారుతోంది

ఇది ల్యాప్‌టాప్ పని, ఎక్సెల్ తప్పేం లేదు. ఎఫ్ఎన్ (Fn) కీ పట్టుకుని ఎఫ్2 నొక్కండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఎప్పటికీ ఎఫ్ కీలే పనిచేసేలా మారిపోతుంది. మ్యాక్‌లో అయితే కంట్రోల్, యూ కలిపి నొక్కినా సరిపోతుంది. గూగుల్ షీట్స్ అలవాటున్నవాళ్లు ఎంటర్ కొట్టి ఎడిట్ అవుతుందని చూస్తుంటారు, ఎక్సెల్‌లో ఎంటర్ కొడితే కిందకి పోవడమే.

యారో కీలు షీటునే జరుపుతున్నాయి, సెల్ మాత్రం కదలట్లేదు

స్క్రోల్ లాక్ ఆన్ అయి ఉంది, ఆ కీ ఒకసారి నొక్కి ఆపేయండి. కీబోర్డు మీద అది లేకపోతే విండోస్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరిచి అందులో నొక్కండి, అంతే.

యారో నొక్కగానే పక్క సెల్‌కి పోతోంది, లేదా ఫార్ములాలో ఏదో చొరబడుతోంది

అసలు గొడవంతా ఇక్కడే. సెల్ మీద నిలబడి నేరుగా టైప్ చేయడం మొదలుపెడితే కింద ఎంటర్ అని వస్తుంది. ఆ స్థితిలో యారో అంటే "ఇది అయిపోయింది, పక్కదానికి పద" అని అర్థం, పైగా సెల్‌లో అంతకుముందున్నది చెరిగిపోతుంది కూడా (అలా మొదలైతే ఎంటర్ కొట్టకుండా ఎస్కేప్ నొక్కండి, పాతది తిరిగొస్తుంది). అదే ఎఫ్2 నొక్కి మొదలుపెడితే కింద ఎడిట్ అని ఉంటుంది, అప్పుడు యారోలు అక్షరాల మధ్య తిరుగుతాయి. టైపింగ్ మధ్యలో ఉన్నా పర్లేదు, ఎఫ్2 నొక్కితే ఎంటర్ మోడ్ కాస్తా ఎడిట్ మోడ్ అవుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి ఎంటర్ మోడ్ అవుతుంది. ఈ రెండోసారి నొక్కే సంగతి చాలామందికి తెలియదు.

ఫార్ములాలో ప్లస్ గుర్తు తర్వాత యారో నొక్కితే పాయింట్ మోడ్ వస్తుంది, అంటే ఏ సెల్‌ని తీసుకోవాలో యారోతోనే చూపిస్తున్నారన్నమాట, అది సుఖమే. కానీ ఇదే కండిషనల్ ఫార్మాటింగ్ (షరతును బట్టి సెల్ రంగు మార్చే ఏర్పాటు) రూల్ రాసే పెట్టెలో మన ప్రాణం తీస్తుంది. ఆ పెట్టె కూడా ఎంటర్ మోడ్‌లోనే మొదలవుతుంది, ఒక బ్రాకెట్ సరిచేద్దామని ఎడమ యారో నొక్కారంటే కర్సర్ కదలదు సరికదా, డాలర్ గుర్తులతో సహా ఒక సెల్ అడ్రస్ వచ్చి ఫార్ములాలో కూర్చుంటుంది. నేనోసారి గడువు దాటిన వరుసలు ఎర్రగా కావాల్సిన రూల్‌ని ఇలాగే పాడుచేసి, చూసుకోకుండా ఓకే కొట్టి, ఆ షీటు పంపేశాను. ఎర్రర్ రాలేదు, ఏమీ రాలేదు, ఎర్రబడాల్సిన వరుసలు తెల్లగా ఉన్నాయంతే. అవతలివాళ్లు గడువు దాటినవేవీ లేవనుకున్నారు.

అందుకని ఆ పెట్టెలో క్లిక్ చేయగానే ముందు ఎఫ్2, తర్వాతే యారోలు. డేటా వాలిడేషన్‌లో (సెల్‌లో ఏం రాయొచ్చో కట్టడి చేసేది), నేమ్ మేనేజర్‌లో (సెల్స్‌కి పెట్టిన పేర్ల జాబితా) ఫార్ములా రాసే పెట్టెలదీ ఇదే తంతు. అడ్రస్ దూరినట్టు అనుమానం వస్తే క్యాన్సిల్ కొట్టి మళ్లీ తెరవండి, ఒక్కొక్క అక్షరం చెరిపి సరిచేయబోతే ఇంకో యారో తగిలి ఇంకో అడ్రస్ దూరుతుంది.

సెల్‌లోనే రెండో లైను కావాలంటే రావట్లేదు

ఎక్సెల్‌లో ఆల్ట్, ఎంటర్. ఎక్సెల్ బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడుతుంటే కంట్రోల్, ఎంటర్. ఎక్సెల్‌లో కంట్రోల్, ఎంటర్ కొడితే మాత్రం సెలెక్ట్ చేసిన సెల్స్ అన్నింటిలో అదే నిండుతుంది, జాగ్రత్త.

ఇంకా మిగిలినవి అరుదు. ఎఫ్2 నొక్కితే కర్సర్ పైన ఫార్ములా బార్‌లోకి పోతుంటే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద సెల్‌లోనే ఎడిట్ చేసే టిక్ ఎవరో తీసేశారు, తిరిగి పెట్టండి. షీటు ప్రొటెక్ట్ అయి ఉంటే ఎక్సెలే చెబుతుంది, వచ్చిన మెసేజ్ చదవకుండా మూసేయకండి.