కరెంటు పోయినా ఫైలు పాడవకుండా సేవ్ చేయడం ఎలా?

ఫైల్లో రాయమని ప్రోగ్రాము రైట్ (write) కాల్ చేయగానే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ సరేనంటుంది. అంతమాత్రాన డేటా డిస్కు మీదికి చేరినట్టు కాదు. లినక్స్ దాన్ని మెమరీలోని పేజ్ క్యాష్‌లోకి కాపీ చేసుకుని, ఆ పేజీకి 'డర్టీ' (ఇంకా డిస్కుకు చేరనిది) అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. మీరు మార్చింది 100 బైట్లే అయినా 4096 బైట్ల పేజీ మొత్తం డర్టీ కిందే లెక్క. మామూలు సెట్టింగుల్లో, వీటిని డిస్కుకు పంపే ఫ్లషర్ థ్రెడ్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను కెర్నల్‌లో డిస్కు రిక్వెస్టులు చూసుకునే బ్లాక్ లేయర్‌కి పంపుతుంది. అక్కడ పక్కపక్క సెక్టార్లకు వచ్చిన రిక్వెస్టులు ఒకటిగా కలిసి, డ్రైవర్ చేతికి వెళ్తాయి. ఈలోగా కరెంటు పోతే మీరు రాసింది పోయినట్టే.

అందుకే పాత ఫైలును ఖాళీ చేసి అందులోనే రాయకండి. మధ్యలో ఆగితే పాతదీ మిగలదు, కొత్తదీ మిగలదు.

1. అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు తెరవండి. వేరే ఫైల్‌సిస్టమ్‌లో పెడితే నాలుగో మెట్టులో రీనేమ్ ఎర్రర్ ఇస్తుంది.

2. డేటా రాయండి. రైట్ ఎన్ని బైట్లు తీసుకుందో తప్పకుండా చూడండి. 8192 ఇస్తే 4096 మాత్రమే తీసుకోవచ్చు, మిగతావి మళ్లీ పంపాలి. సీ లైబ్రరీ ఫంక్షన్లతో రాస్తుంటే, ఎఫ్‌ఫ్లష్ (fflush) చేసేదాకా డేటా లైబ్రరీ సొంత బఫర్‌లోనే ఉండి, కెర్నల్ దాకా కూడా రాకపోవచ్చు.

3. ఎఫ్‌సింక్ (fsync) చేయండి. ఫైలు మూసేస్తే సరిపోదు. ఎఫ్‌సింక్ డర్టీ పేజీలను పంపించి, డిస్కు తన సొంత క్యాష్‌ను కూడా ఖాళీ చేసేదాకా ఆగుతుంది. మాక్‌ఓఎస్‌లో మాత్రం ఈ రెండో పని జరగదు, దానికి ఎఫ్‌_ఫుల్‌ఎఫ్‌సింక్ వాడాలి.

ఇక్కడ ఎర్రర్ వస్తే మళ్లీ ఎఫ్‌సింక్ చేసి చూద్దామనుకోవద్దు. రాయలేకపోయిన పేజీల డర్టీ గుర్తును లినక్స్ అప్పటికే తీసేసి ఉండొచ్చు. రెండోసారి అడిగితే అంతా బాగుందంటుంది, డిస్కు మీద మాత్రం ఏమీ ఉండదు. 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ డెవలపర్లను కలవరపెట్టింది సరిగ్గా ఇదే. ఆ తాత్కాలిక ఫైలును పారేసి, మొదటి నుంచి మళ్లీ రాయండి.

4. తాత్కాలిక ఫైలును అసలు పేరుకి రీనేమ్ చేయండి. ఆ పేరుతో తెరిచిన వాళ్లకు పాత ఫైలైనా, కొత్త ఫైలైనా పూర్తిగా కనిపిస్తుంది. సగం సగం ఫైలు కనిపించదు.

5. డైరెక్టరీని తెరిచి దానికీ ఎఫ్‌సింక్ చేయండి. చాలామంది మరిచిపోయే మెట్టు ఇదే. మారిన పేరు నమోదయ్యేది డైరెక్టరీలో కదా.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కులో ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ప్రతి ఎఫ్‌సింక్ డిస్కు కోసం ఆగాల్సిందే కాబట్టి, వంద రికార్డులుంటే ఒక్కోదానికీ ఎఫ్‌సింక్ చేయకుండా, అన్నీ రాశాక ఒకేసారి చేయండి.