మొరం బాటన రామప్ప దాకా: దసరా దాటాక సైకిలెక్కే వాళ్ళకి జాగ్రత్తలు

దసరా పోయి పత్తి పగిలే టైంకి హనుమకొండ సైకిల్ వాళ్ళకి ఇంట్లో కాలు నిలవదు. ఎండ తగ్గింది, చెరువులు నిండి ఉన్నాయి, హైవే వదిలేసి ఊర్ల మీదుగా మొరం రోడ్లు, బండ్లబాటలు పట్టుకుని రామప్ప గుడి ఉన్న పాలంపేట దాకా పోతే గ్రావెల్ బైక్ (మట్టి, కంకర బాటలకి సరిపడే వెడల్పు టైర్ల సైకిల్) మీద పెట్టిన పైసలు వసూలైనట్టే అనిపిస్తుంది. వరంగల్ నుంచి రామప్ప అటుఇటుగా 70 కిలోమీటర్లు, దూరానికి భయపడాల్సింది ఏం లేదు. కానీ పత్తి ఏరుడు, వరికోతలు, మందు కొట్టుడు, మధ్యలో ఒక తుఫాను వాన, అన్నీ ఈ రెండు మూడు నెలల్లోనే, ఆ బాటల మీదనే జరుగుతాయి. ఆ రోజు దారిలో ఏం నడుస్తుందో కనుక్కోకుండా, యాప్‌లో గీత గీసుకుని బయలుదేరే వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ముందు నేల సంగతి. వాన ఎప్పుడు పడిందో ఒక్కటే చూస్తే సరిపోదు, ఎలాంటి నేల మీద పడిందో కూడా చూడాలి. ఎర్ర చెల్క, మొరం అయితే గట్టి వాన పడ్డా మర్నాటికి తొక్కొచ్చు, టైరుకి పట్టు ఇంకా బాగా దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. పైన ఎండి పగుళ్ళు వేసినట్టే కనబడుతుంది, చక్రం ఎక్కగానే కింది పచ్చిమట్టి జొన్నపిండి ముద్దలా టైరుని పట్టేసుకుంటుంది, దానికి గడ్డిపోచలు, పత్తికట్టె ముక్కలు తోడై ఫ్రేముకీ టైరుకీ మధ్య బిర్రుగా ఇరుక్కుంటాయి, పది గజాలు పోయేలోపే చక్రం ఆగిపోతుంది. అప్పుడు దమ్ము చూపించి తొక్కారో, వెనక గేరు చక్రంలోకి లాక్కుపోయి, గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క పుటుక్కున విరుగుతుంది. ఆ హ్యాంగర్ మోడల్‌కి ఒకటి, ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకదు, కాబట్టి ఒకటి ముందే తెప్పించి బ్యాగులో పడేయండి. రేగడిలో చిక్కితే దిగి, సైకిల్ భుజానేసుకుని గట్టు మీద గడ్డిలో నడవండి. మట్టిని పుల్లతో గీకండి, తాగే నీళ్ళు దాని మీద పోసుకోవద్దు. నన్నడిగితే రేగడి మీద వాన పడ్డాక మూడు రోజులు ఆ వైపే చూడొద్దు.

పంక్చర్లు ఎలాగూ తప్పవు. చేనుకి అడ్డంగా సర్కారు తుమ్మ కంప వేస్తారు, ఆ ముళ్ళు బాట మీదికి వస్తాయి. అంతకంటే పెద్ద తలనొప్పి పల్లేరు కాయ. శనగగింజంత ఉంటుంది, ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది, నీడ కనబడిందని బాట పక్కన సైకిల్ దింపితే చాలు, రెండు టైర్లకీ పూసలు గుచ్చినట్టు పట్టుకుంటాయి. ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ (చిల్లు పడితే తనే పూడ్చే ద్రవం) ఉంటే చాలావరకు గట్టెక్కుతారు, కానీ పోయిన ఎండాకాలం పోసిన సీలెంట్ ఈపాటికి ఎండిపోయి ఉంటుంది, బయలుదేరే ముందు మళ్ళీ పోయించండి. ట్యూబ్ వాడేవాళ్ళు రెండు స్పేర్ పెట్టుకోండి, ఈ సైకిళ్ళకి పట్టే 700సీ సైజు ట్యూబ్ పల్లెల్లో దొరకదు. ఊర్లో పంక్చర్ షాపు ఉంటుంది, అక్కడి గాలి గొట్టం ఈ సైకిళ్ళకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి పట్టదు, అందుకని చిటికెన వేలి గోరంత అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకోండి. గాలి విషయానికొస్తే 40 ఎంఎం టైరు, 70 కిలోల మనిషి అయితే 35 పీఎస్ఐ అటుఇటు చాలు, రాయిలా కొట్టించుకుని మొరం మీదికి పోతే మలుపులో జారతారు.

నీళ్ళతో మాత్రం ఆటలొద్దు. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రామప్ప ఉన్నది ఆ మండలంలోనే. అది జూలై కదా అనొచ్చు, బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే అక్టోబర్ అయినా వాగులకు తెలియదు. చెరువు మత్తడి రోడ్డు మీద నుంచి పారుతుంటే చీలమండ లోతే ఉన్నా సైకిల్ మీద దాటొద్దు, కింద పాకుడు ఉంటుంది, చక్రం పక్కకు పోతే మనిషి కూడా దాంతోనే పోతాడు. ప్రవాహం అంతకంటే లోతుంటే వెనక్కి తిరగడమే, అవతల ఒడ్డున ట్రాక్టర్ దాటిందని మీరు దాటకండి. ఉరుములు మొదలైతే చేను మధ్య ఒంటి చెట్టు కిందికి పోవద్దు, ఊర్లోకి పోండి.

వడ్ల కాలంలో సగం రోడ్డు కల్లమే అవుతుంది. ఆరబోసిన వడ్ల చుట్టూ బండరాళ్ళు, మొద్దులు పెడతారు, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు, చీకట్లో దగ్గరికొచ్చేదాకా కనబడదు. నవంబర్‌లో అయిదున్నర దాటితే వెలుగు పోతుంది, లైటు లేకుండా అప్పటిదాకా ఉండొద్దు. వడ్ల మీద నుంచి తొక్కడం మాత్రం తప్పే, ఎంత ఇరుకైనా దిగి నడిపించుకుపోండి. పత్తి ట్రాక్టర్లు రెండు పక్కలా ఉబ్బి వస్తాయి, డ్రైవర్‌కి వెనక ఏమీ కనబడదు, ఓవర్‌టేక్ చేయకుండా అది మలుపు తిరిగేదాకా ఆగండి. ఇసుక, బొగ్గు లారీలు తిరిగే ములుగు హైవే మీద ఎంత తక్కువ తొక్కితే అంత మంచిది.

కొత్తవాళ్ళకి తెలియనిది కరెంటు తీగ. అడవి పందులు పడతాయని కొందరు చేను చుట్టూ సన్న తీగ కట్టి కరెంటు పెడతారు. చట్టం ఒప్పుకోదు, అయినా పెడతారు, దానికి తగిలి మనుషులు చనిపోతూనే ఉన్నారు. మోకాలి కంటే కిందనే, చిన్న పుల్లలకు కట్టి ఉంటుంది, మంచులో అసలు కనబడదు. రాత్రి పెట్టి పొద్దున్నే తీస్తారు, తీయడం మర్చిపోతారు కూడా. అందుకే బాగా తెల్లారకముందు బాట దిగి చేన్లోకి పోవద్దు, ఒంటేలుకైనా సరే. పక్కవాడు తగులుకుంటే చేత్తో లాగకుండా ముందు కరెంటు ఆపించండి.

కోతల టైంలో రక్తపింజర, కట్లపాము కూడా గట్ల మీదే ఉంటాయి. కరిస్తే తాడు కట్టడం, కోయడం, పసరు మందు ఏదీ వద్దు, కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి కొట్టి, విరుగుడు ఇంజెక్షన్ ఉండే పెద్దాసుపత్రికి తీసుకుపోవడమే, ఇటువైపు వాళ్ళకి ములుగో వరంగల్ ఎంజీఎమ్మో. కుక్కలు వెంటపడితే స్పీడ్ పెంచకుండా దిగి సైకిల్ అడ్డం పెట్టుకోండి, కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి అదే రోజు టీకా వేయించుకోండి. మిర్చికి, పత్తికి మందు కొడుతుంటే గాలి ఎటు ఉందో చూసుకుని దాటండి, చేను దగ్గర దొరికిన డబ్బాలో నీళ్ళు మాత్రం పట్టుకోవద్దు.

రామప్ప గుడి దగ్గర క్లీట్ షూస్ (పెడల్‌కి బిగుసుకునే బూట్లు) విప్పేయండి, ఎలాగూ లోపలికి అనుమతి ఉండదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, కాపలా బాగానే ఉంటుంది. గణపురం కోటగుళ్ళ దగ్గర మాత్రం అంత జనం ఉండరు, విరిగిన శిల్పాలకి, స్తంభాలకి సైకిల్ ఆనించి ఫోటో దిగేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. స్టాండ్ లేకపోతే గడ్డిలో పడుకోబెట్టండి.

ఉత్సాహం ఆగక తాడ్వాయి వైపు పోతే అది పూర్తిగా అడవి. 2024 ఆగస్టు 31న అక్కడ గాలికి వేల చెట్లు కూలాయి. పొద్దెక్కాక పోండి, ఒంటరిగా పోవద్దు, చెక్‌పోస్టులో అడిగి పోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే దించుకుని ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి పోండి. మేడారం జాతర ఏడైతే మాఘంలో ఆ రోడ్డు జనంతో, బస్సులతో నిండిపోతుంది, ఆ వారాల్లో నర్సంపేట మీదుగా పాకాల వైపు తిప్పుకోండి.