ఎంతసేపటి డేటా పోవచ్చు, ఎన్ని గంటల్లో లేవాలి: చిన్న వ్యాపారాలకు బ్యాకప్ లెక్క

శనివారం సాయంత్రం ఆరు గంటలకు తిరుపతి బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో రిసెప్షన్ కంప్యూటర్ ఆగిపోయిందనుకోండి. ఏ గది ఖాళీగా ఉంది, ఎవరు అడ్వాన్సు కట్టారు, రాత్రికి ఎవరు దిగుతారు, అన్నీ అందులోనే. నిన్న రాత్రి తీసిన బ్యాకప్ హార్డ్‌డిస్కులో భద్రంగానే ఉంది. పొద్దుటి నుంచి దిగినవాళ్ల వివరాలు మాత్రం అందులో లేవు. కొత్త కంప్యూటర్ తెచ్చి ఆ బ్యాకప్ ఎక్కించేసరికి రాత్రి పదవుతుంది. కౌంటర్ ముందు కుటుంబాలు లగేజీతో నిలబడే ఉంటాయి.

ఇలాంటి రోజు రాకముందే రెండు అంకెలు తేల్చుకోవాలి. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అన్నది మొదటిది. దీన్ని రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్ అంటారు, పొట్టిగా ఆర్‌పీఓ. ఆగిన పని ఎంతసేపట్లో మళ్లీ మొదలవ్వాలి అన్నది రెండోది. అది రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్, అంటే ఆర్‌టీఓ. బ్యాకప్ ఎంత తరచుగా తీయాలో మొదటి అంకె చెబుతుంది. కాపీ ఎక్కడ ఉండాలి, పక్కన ఇంకో కంప్యూటర్ సిద్ధంగా ఉండాలా వద్దా అన్నది రెండో అంకె చెబుతుంది.

అంకెలు తేల్చేది కౌంటర్ దగ్గర

ఈ లెక్క కంప్యూటర్ రిపేరు చేసేవారిని అడిగి తేల్చేది కాదు. గుమాస్తాను, కౌంటర్‌లో కూర్చునేవారిని ఒకే ప్రశ్న అడగండి: ఈ డేటా పోతే దేన్ని చూసి మళ్లీ ఎక్కిస్తారు?

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీని తీసుకుందాం. తోతాపురి సీజన్‌లో రోజుకు 300 లోడ్లు కాటా మీదికి వస్తాయనుకోండి. ప్రతి లోడుకూ కార్బన్ కాపీతో చీటీ రాస్తుంటే, డేటా పోయినా చీటీలు మిగులుతాయి. చీటీకి 2 నిమిషాల చొప్పున రోజంతటి పని మళ్లీ ఎక్కించాలంటే 10 గంటలు. నాలుగు గంటల్లో వచ్చిన 100 లోడ్లే పోతే 3 గంటల 20 నిమిషాలు. ఇద్దరు కూర్చుంటే సగంలో అయిపోతుంది కాబట్టి ఇక్కడ ఆర్‌పీఓ 4 గంటలు పెట్టుకోవచ్చు. అదే కాటా బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్లి, ఒక్క ప్రింటు తీసి రైతుకు ఇచ్చేస్తుంటే ఫ్యాక్టరీ దగ్గర ఏమీ మిగలదు. అప్పుడు 15 నిమిషాలకు మించి పెట్టకూడదు. పోయేది రైతు కష్టం లెక్క మరి.

ఆర్‌టీఓ వేరే సంగతి. చీటీలున్నా లేకున్నా గేటు బయట ట్రాక్టర్ల వరుస పెరుగుతూనే ఉంటుంది, పండు ఆగదు. సీజన్‌లో అరగంట, మిగతా నెలల్లో ఒక రోజు అని రెండు వరుసలుగా రాసుకోండి. లాడ్జి అయితే బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవులకు ఒక అంకె, మామూలు రోజులకు ఇంకొకటి. ఏడాది పొడవునా అరగంట కావాలంటే ఖర్చు అనవసరంగా పెరుగుతుంది.

కంపెనీగా రిజిస్టరైన వ్యాపారానికి చట్టం కూడా ఒక మాట చెప్పింది. 2022 ఆగస్టు సవరణ నుంచి, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న ఖాతా పుస్తకాల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్‌లో రోజూ ఉంచాలి. జీఎస్టీ కింద రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి ఏటా మార్చి 31 నాటి కాపీని విడిగా పక్కన పెట్టండి.

ఆర్‌టీఓ నిజంగా అందుతుందా?

గడియారం పెట్టుకుని కూడండి. వేరే కంప్యూటర్ వెతకడం, విండోస్, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, లైసెన్సు యాక్టివేట్ చేయడం, డేటా తేవడం, సరిచూడటం. డేటా తేవడానికే ఎంత పడుతుందో చూడండి: 100 జీబీని 50 ఎంబీపీఎస్ (సెకనుకు దాదాపు 6 ఎంబీ) ఇంటర్నెట్ మీద క్లౌడ్ నుంచి దించితే దాదాపు నాలుగున్నర గంటలు. సెకనుకు 100 ఎంబీ చదివే యూఎస్‌బీ హార్డ్‌డిస్కు నుంచి 17 నిమిషాలు. రెండు గంటల్లో లేవాలనుకుంటే క్లౌడ్ ఒక్కటే చాలదన్నమాట. దగ్గర ఒక కాపీ, సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంచిన ఒక స్పేర్ కంప్యూటర్ కావాలి. లైసెన్సు సీరియల్ నంబరు, దానికి కట్టిన ఈమెయిల్ పాస్‌వర్డ్ కాగితం మీద ఉండాలి. చాలాచోట్ల గంటలకు గంటలు పోయేది దానికోసమే.

అలాగని దగ్గరి కాపీతో సరిపెట్టొద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు మునిగాయి. సెల్లార్‌లో సర్వర్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు ఉంటే రెండూ కలిసే పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఊరికి దూరంగా: ఇదే పాత సూత్రం. తిరుపతిలోనూ చిత్తూరులోనూ బ్రాంచీలుంటే ఒకదాని కాపీ ఇంకొకచోట పెట్టుకోవచ్చు. ఇంకో జాగ్రత్త, ఒక డిస్కు ఎప్పుడూ కంప్యూటర్ నుంచి ఊడదీసి ఉండాలి. తగిలించే ఉంచిన డిస్కుకు కూడా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తాళం వేసేస్తుంది.

తీసే దగ్గర జరిగే తప్పులు

ఆర్‌పీఓ 4 గంటలైతే బ్యాకప్ 2 గంటలకొకసారి తీయండి. 4 గంటలకొకసారి తీస్తే, ఒక్కటి తప్పినా 8 గంటల డేటా ప్రమాదంలో పడుతుంది.

సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేస్తే అది తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. దాని సొంత బ్యాకప్ పద్ధతే వాడాలి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే బ్యాకప్, రీస్టోర్ రెండూ కనిపిస్తాయి. మీ సాఫ్ట్‌వేర్ డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటే రాత్రి ఫుల్ బ్యాకప్, పగలు 15 నిమిషాలకొకసారి లాగ్ బ్యాకప్ (అంతకుముందు లాగ్ బ్యాకప్ తర్వాత జరిగిన మార్పులు మాత్రమే). డేటాబేస్ సెట్టింగుల్లో రికవరీ మోడల్ 'సింపుల్' అని ఉంటే లాగ్ బ్యాకప్ కుదరదు. 'ఫుల్' పెట్టి లాగ్ బ్యాకప్ తీయకపోతే లాగ్ ఫైలు పెరిగి పెరిగి డిస్కు నిండుతుంది. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో సొంత షెడ్యూలర్ ఉండదు కాబట్టి పెట్టిన సమయానికి పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో నడపాలి.

విండోస్‌లోని కాపీ కమాండు రోబోకాపీలో మిర్రర్ స్విచ్ (రెండు ఫోల్డర్లనూ ఒకేలా ఉంచేది) వాడితే, అసలు ఫోల్డర్‌లో చెరిగిపోయింది బ్యాకప్‌లోనూ చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్‌కు సింక్ చేయడం కూడా అంతే. పాత తేదీల కాపీలు వేరుగా నిలవాలి: రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12.

రోజూ చూడవలసింది

బ్యాకప్ ఆగిపోయినప్పుడు అరవదు. విండోస్ పాస్‌వర్డ్ మార్చగానే దానితో నడిచే షెడ్యూల్ టాస్క్ ఆగిపోతుంది. ఆ సమయానికి కరెంటు పోయి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే ఆ పూట తప్పిపోతుంది. తప్పిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే టిక్కు సెట్టింగుల్లో ఉంటుంది, అది పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ ఉన్నప్పుడే నడవాలన్న టిక్కు తీసేయండి.

'ఫెయిలైతే మెయిల్ పంపు' అని పెడితే, కంప్యూటరే చచ్చిపోయిన రోజు మెయిల్ పంపేవారుండరు. విజయవంతమైతే మెయిల్ రావాలి, అది రాని పొద్దున అలారం అనుకోవాలి. దాన్ని చూసే పని ఇద్దరికి పేరు పెట్టి అప్పగించండి. ఒకరు సెలవులో ఉంటే రెండోవారు చూస్తారు. కౌంటర్ తెరవగానే ఐదు నిమిషాల్లో ఇవి నోటుపుస్తకంలో రాయాలి:

1. ఆఖరి కాపీ తేదీ, సమయం. ఆర్‌పీఓ దాటితే వెంటనే చేత్తో ఒకటి తీయాలి.
2. కాపీ సైజు. రోజూ 2 జీబీ ఉండేది 300 ఎంబీకి పడిపోతే చాలా డేటా రాలేదని అనుమానించండి. ఉన్నట్టుండి బాగా పెరిగితే ఇంకా ప్రమాదం: రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైళ్లు బ్యాకప్‌లో కుదించుకోవు, అందుకే సైజు పెరుగుతుంది. కారణం తేలేదాకా పాత కాపీలను చెరపకండి.
3. డిస్కులో మిగిలిన చోటు. 20 శాతం లోపుకు వస్తే ఆ వారంలోనే ఏదో ఒకటి చేయాలి.

రోబోకాపీ ఫలితం 1 అని కనిపిస్తే కంగారు వద్దు, ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, అంతకంటే పెద్ద అంకె వస్తేనే ఏదో కాపీ కాలేదు.

నెలకోసారి తెరిచి చూడండి

తెరిచి చూడని కాపీని లెక్కలో వేయకండి. నెలకోసారి, రద్దీ లేని మధ్యాహ్నం, స్పేర్ కంప్యూటర్‌లో ఎక్కించండి. అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకి మాత్రం ఎప్పుడూ రీస్టోర్ చేయొద్దు. నడుస్తున్న లెక్కల మీద పాతవి కూర్చుంటాయి. బ్యాకప్ తీసేటప్పుడే ఆఖరి వోచర్ నంబరు, ట్రయల్ బ్యాలెన్సు మొత్తం రాసిపెట్టుకుంటే ఇప్పుడు వాటితో సరిచూడొచ్చు. డిస్కు తగిలించిన క్షణం నుంచి మొదటి బిల్లు ప్రింటయ్యేదాకా పట్టిన సమయం రాయండి. ఆర్‌టీఓ 2 గంటలని రాసుకుని 3 గంటలు పట్టిందంటే, కాపీని దగ్గరికి తేవాలి, లేదంటే 3 గంటలే నిజమని యజమానికి చెప్పి అంకె దిద్దాలి.

కాపీకి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఈ పరీక్షలో దాన్ని కంప్యూటర్‌లో దాచినచోటి నుంచి తీయకండి. యజమాని బీరువాలో సీలువేసి పెట్టిన కవరు చించి, అందులో రాసినదే కొట్టండి. తెరుచుకుంటే కొత్త కవరులో మళ్లీ సీలు వేసి, ఆనాటి తేదీ పైన రాయండి.