కోనసీమ కుర్రాళ్లకి: శ్రీలంక 13వ సవరణ చదవడం ఎలా

అమలాపురం, కాకినాడ లైబ్రరీల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు చాలామంది శ్రీలంక తమిళుల సమస్య అనగానే యుద్ధం, 2009 అని రాసుకుని పేజీ తిప్పేస్తున్నారు. అలా వద్దు. ముందు ఆ దేశ రాజ్యాంగం తీయండి, అసలు పేచీ అందులోనే ఉంది.

భాషతో మొదలుపెట్టండి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు, తమిళం మాత్రమే వచ్చినవాళ్లకి సర్కారు ఉద్యోగం కష్టమైపోయింది. 1957లో ప్రధాని బండారనాయకె, తమిళ నాయకుడు చెల్వనాయకం తమిళ ప్రాంతాలకి కొంత అధికారం ఇచ్చేలా ఒప్పందం చేసుకుంటే, బౌద్ధ భిక్షువుల ఒత్తిడికి మరుసటి ఏడాదే అది రద్దయింది. ఇక 1987 జులైలో మన ప్రధాని రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేల ఒప్పందం, నవంబరులో ప్రావిన్సులకి ఎన్నికైన మండళ్లు పెట్టిన 13వ సవరణ. 18వ అధికరణలో తమిళానికీ అధికార భాష హోదా దానితోనే వచ్చింది. 1988లో 16వ సవరణ ఉత్తర, తూర్పు ప్రావిన్సుల్లో పాలన తమిళంలో సాగాలంది. యానాంలో చుట్టాలున్నవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే పుదుచ్చేరిలో అధికార భాష తమిళం, మైనారిటీ మనమే, అక్కడ తెలుగు వాడుకోవచ్చని 1965 చట్టంలో రాయించుకోవాల్సి వచ్చింది.

తర్వాత అధికారాలు. తొమ్మిదో షెడ్యూల్‌లో మూడు జాబితాలుంటాయి, ప్రావిన్సులది చూసి ఇన్ని ఇచ్చారా అని సంబరపడకండి. వెంటనే 154బి, 154సి చదవండి: గవర్నర్‌ని నియమించేది అధ్యక్షుడు, కార్యనిర్వాహక అధికారం ఆ గవర్నర్ చేతిలో. పోలీసు అధికారాలు రాసి ఉన్నా ఇంతవరకూ ప్రావిన్సుల చేతికి రాలేదు. భూమి దగ్గర మాత్రం ఆగి నిదానంగా చదవండి. ప్రభుత్వ భూమి దేశానిదే, ఒకటికి మించి ప్రావిన్సుల్లో పారే నది మీద సాగు పథకాలు కేంద్రానివే. మహావెలి నది తూర్పు ప్రావిన్సులో ట్రింకోమలీ దగ్గర సముద్రంలో కలుస్తుంది, దాని నీళ్ల లెక్క తేల్చేది కొలంబో. ధవళేశ్వరం గేట్ల మీద ఎవరి మాట చెల్లుతుందో, దాన్నిబట్టి కాలువ చివర పొలం ఎలా ఉంటుందో తెలిసిన మనకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

కోర్టునీ, ఎన్నికల్నీ వదలకండి. 1988లో కలిపిన ఉత్తర, తూర్పు ప్రావిన్సుల విలీనం చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర మండలికి తొలి ఎన్నిక 2013లో జరిగింది, 2018లో గడువు తీరాక ఏళ్ల తరబడి మళ్లీ ఎన్నికే పెట్టలేదు. ఓటేసే హక్కే ఆపేస్తే జాబితాలో ఎన్ని అంశాలుంటే ఏం లాభం చెప్పండి!

మెయిన్స్‌లో మన ఫెడరలిజంతో పోల్చమంటే 2వ అధికరణ మర్చిపోవద్దు. శ్రీలంక ఏకకేంద్ర రాజ్యమని అందులో రాసుంది, జవాబు అక్కణ్నుంచే ఎత్తుకోండి.